డ్రైవరు పక్క, క్లీనరు పక్క

మా మామగారికి ముగ్గురు సంతానం. ఇద్దరు కూతుళ్ళు, ఒక లారీ. ముగ్గురిలోకీ పెద్దది లారీయే.

ఇది వేళాకోళానికి అంటున్న మాట కాదు. ఆయన దాన్ని "పెద్దోడు" అంటారు. మా ఆవిడా, మా మరదలూ దాన్ని "అన్నయ్య" అనే పిలుస్తారు. ఆ వరసన అది నాకు బావగారు. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలపు లారీ అది. మా పెళ్ళి ఫొటోలో నా భుజాన్ని ఆనుకుని ఉన్నది మా ఆవిడ కాదు, దాని మడ్గార్డు.

అలాగని లారీ మీద నాకు కుళ్ళేమీ లేదు. నా కుళ్ళంతా నా తోడల్లుడి మీద.

మీరు నా స్నేహితులు కాబట్టి దాపరికం లేకుండా చెబుతున్నాను. పక్కింటివాడి మీద కుళ్ళుకుంటే ఇల్లు మారొచ్చు. పక్క కుర్చీవాడి మీద కుళ్ళుకుంటే ఉద్యోగం మారొచ్చు. తోడల్లుడి మీద కుళ్ళుకుంటే ఏం మారుస్తాం? ఇదే మాట ఒకసారి మా ఆవిడ ముందు అన్నాను.

"మార్చి చూడండి, తెలుస్తుంది," అంది. ఆ రోజు అన్నం పళ్ళెం కాస్త చప్పుడుగా దిగింది.

నాది కళ్ళజోళ్ళ దుకాణం. ఊరందరి చూపూ సరిచేస్తాను. తోడల్లుణ్ణి చూస్తే మాత్రం నా కళ్ళే కుడతాయి. ఈ జబ్బుకి అద్దాలు నా దుకాణంలో లేవు.

కుట్టవా మరి? ఇంటికి పెద్దల్లుణ్ణి నేను. మామగారు నన్ను "అల్లుడూ" అంటారు. తోడల్లుణ్ణి మాత్రం "డెంటిస్టుగారూ" అంటారు, అదీ నిలబడి. నేను వెళితే "ఎప్పుడొచ్చావ్?" అని అడుగుతారు. ఆయన వెళితే "అప్పుడే వెళతారా?" అని అడుగుతారు.

ఇక్కడో రహస్యం ఉంది. మామగారు లారీ మనిషి. రేకుకి సొట్ట పడితే షెడ్డులో దాన్ని డెంటు అంటారు. చిన్న కూతురికి సంబంధం వచ్చినప్పుడు "అబ్బాయి డెంటిస్టు" అని ఎవరో చెప్పారు. సొట్టలు తీసే మనిషి ఇంటికి అల్లుడుగా వస్తున్నాడని మామగారు పొంగిపోయి, మారుమాట లేకుండా పిల్లనిచ్చేశారు.

పెళ్ళయ్యాక ఒకసారి క్లినిక్కు కూడా చూసొచ్చారు. పైకీ కిందకీ వాలే కుర్చీ చూసి "సీట్ల పని కూడా చేస్తారన్నమాట" అని మెచ్చుకున్నారు. "పని ఎలా ఉంది?" అని అడిగితే ఆయన "రోజూ ఫిల్లింగులే మామగారూ" అంటాడు. ఈయన సొట్టల్లో లప్పం మెత్తి నింపడమనుకుని తల ఊపుతారు. నిజం చెబితే పెద్దాయన మనసు చివుక్కుమంటుందని ఇంట్లో అందరూ నోరు మూసుకున్నారు. నేను కూడా మూసుకున్నాను. నాది జాలి కాదు, నేను సమయం కోసం కాచుకుని ఉన్నాను.

ఆ సమయం వచ్చింది. మా ఊళ్ళో పాత బళ్ళ ఊరేగింపు పెడుతున్నారని, అందులో పెద్దోణ్ణి తిప్పాలని మామగారు సంబరపడ్డారు. ఇంజను బాగానే ఉంది. ఒళ్ళే తుప్పూ సొట్టలూ. మా ఇంటి గేటు వెడల్పు కాబట్టి లారీని తెచ్చి మా వాకిట్లో నిలబెట్టారు.

"బాడీ పనంతా డెంటిస్టుగారు చూసుకుంటారు. ఊరేగింపులో నా పక్క సీటు కూడా ఆయనకే," అన్నారు.

ఊరంతా రోడ్డు మీదకొచ్చి చూస్తుంటే, మామగారి పక్కన దర్జాగా కూర్చునేది చిన్నల్లుడా? ఆ సీటు నాకు కావాలి. ఒక్కసారైనా ఈ ఇంటికి పెద్దల్లుడు ఎవరో జనం చూడాలి. అప్పుడే నా బుర్ర మెరిసింది.

"మామగారూ, పనంతా ఒక్కరి మీద వేస్తే ఎలా? చెరో పక్క చేస్తాం. డ్రైవరు పక్క నాది, క్లీనరు పక్క ఆయనది. ఎవరిది బాగుంటే వాళ్ళకే మీ పక్క సీటు," అన్నాను.

"నువ్వు గెలవ్వులే అల్లుడూ. సరే, సరదా పడుతున్నావు కదా, చెయ్యి," అన్నారాయన.

నేను తోడల్లుడి వైపు చూశాను. పన్ను పీకించుకోడానికొచ్చినవాడిలా అయిపోయింది ఆయన మొహం. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పళ్ళు క్లీను చేసేవాడికి క్లీనరు పక్క! సుత్తి ఎటు పట్టుకోవాలో తెలియని మనిషి, మామగారి కళ్ళ ముందే దొరికిపోతాడు.

నా పని నేను కొత్త చొక్కా వేసుకుని మొదలుపెట్టాను. మా ఆవిడ వచ్చి తలుపు మీది పెద్ద సొట్టలో చెయ్యి పెట్టి చూసింది.

"ఇది లోపల్నుంచి కొట్టాలండీ. చెక్కసుత్తికి గుడ్డ చుట్టి, అంచు నుంచి మధ్యకి మెల్లగా..."

"నువ్వు ఊరుకో."

"చిన్నప్పుడు నాన్న కొడుతుంటే రేకుకి ఇటువైపు దిమ్మ ఆనించి పట్టుకున్నది నేనేనండీ."

"పట్టుకోవడం వేరు, కొట్టడం వేరు. అయినా సొట్ట తీయడమెందుకు? లప్పం పెట్టి నింపేస్తే సరిపోదూ?"

"గొయ్యి మీద దుప్పటి పరిచినట్టుంటుంది."

"ఇది మగవాళ్ళ పోటీ. నువ్వు అవతలికి వెళ్ళు."

"అవతలికా? నిజంగా వెళ్ళమంటారా?"

"వెళ్ళమంటున్నాగా!"

"సరే, మీరే అన్నారు," అని కొంగు దోపుకుని వెళ్ళిపోయింది. భార్య అంత తొందరగా మాట విన్నప్పుడు మొగుడు అనుమానపడాలి. నేను గర్వపడ్డాను.

నా పనితనం చూసి ఆయన కాపీ కొడతాడేమోనని, క్లీనరు పక్కంతా మూసేలా లారీ మీంచి ఒక టార్పాలిన్ వేలాడదీశాను. ఊరేగింపు రోజు పొద్దున మామగారు తీర్పు చెప్పేదాకా ఒకరి పక్క ఒకరు చూడకూడదు. ఈ నియమం కూడా నాదే.

మొదటి ఆదివారం తోడల్లుడూ మరదలూ వచ్చారు. ఆయన ఒక సంచీ పట్టుకుని, బలికి వెళుతున్నట్టు టార్పాలిన్ వెనక్కి వెళ్ళాడు. నేను చెవులు రిక్కించి, ఆయన వేలి మీద సుత్తి పడే చప్పుడు కోసం ఎదురుచూశాను.

టక్, టక్, టక్. పొందిగ్గా, తీరిగ్గా, ఒకే వరసలో వస్తోంది చప్పుడు. మధ్యలో ఆగడం, మళ్ళీ టక్ టక్. ఏళ్ళ తరబడి రేకుతో కాపురం చేసినవాడి చప్పుడది. నా చేతిలోని లప్పం చేతిలోనే గట్టిపడిపోయింది.

అంతటితో ఆగిందా? నేను దుకాణానికి పోయే రోజుల్లో కూడా పని జరిగినట్టే ఉండేది. సాయంత్రం వచ్చేసరికి వాకిట్లో రంగు వాసన, గరుకు కాగితం పొడి. క్లినిక్కు మూసుకుని వచ్చేస్తున్నాడు కాబోలని పళ్ళు కొరికాను.

ఆ రోజుల్లో నేను దుకాణంలో చేసిన పనులు చెబితే మళ్ళీ నా దగ్గర కళ్ళజోడు కొనరు. ఒక పెద్దావిడ బోర్డు మీది అక్షరాలు తప్పు లేకుండా చదివింది. "కాదమ్మా, చివరిది సొట్ట," అన్నాను. ఆవిడ లేచి పోయింది.

ఇక లాభం లేదని, మరుసటి ఆదివారం తోడల్లుడు టార్పాలిన్ వెనక్కి వెళ్ళగానే మా ఆవిడను పిలిచాను.

"టీ ఇచ్చే వంకతో అటు వెళ్ళి, ఏం చేస్తున్నాడో చూసిరా."

"నియమం మీరే పెట్టారుగా?"

"నియమం నాకూ ఆయనకూ. నీకు లేదు. నువ్వు నా గూఢచారివి."

"జీతం?"

"మొగుడి గౌరవం!"

"అది ఎప్పట్నుంచో బాకీ," అని టీ పట్టుకుని వెళ్ళింది. వెళ్ళింది వెళ్ళినట్టే ఉండిపోయింది. అవతల టక్ టక్ మొదలైంది. పొద్దు వాలాక వచ్చింది.

"టీ ఇవ్వడానికి ఇంతసేపా?"

"గూఢచారి తొందరపడితే దొరికిపోతుందండీ."

"ఆ గోళ్ళకు ఎరుపేంటి?"

"గోళ్ళరంగు."

"అరచేతికి కూడానా?"

"కొత్త ఫ్యాషన్. మీకు కళ్ళజోళ్ళ సంగతి తప్ప ఇంకేం తెలుసు?"

నిజమే కదా అనుకున్నాను. అది తుప్పు పట్టకుండా రేకుకి ముందుగా పూసే రెడాక్సైడు రంగని గుర్తుపట్టడానికి కళ్ళజోడు అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. కుట్టే కళ్ళకు ఏం కనిపిస్తుంది?

ఒక పొద్దున ఆగలేకపోయాను. టార్పాలిన్‌కి ఒకచోట చిరుగు ఉంటే, దాన్ని విడదీసి తల దూర్చాను. మిత్రులారా, ఆ రేకు మీద ఒక్క అల లేదు, ఒక్క గీత లేదు. ఆకుపచ్చ రంగు నీళ్ళు నిలిచినట్టు నిలిచింది. అందులో ఒక మొహం కనిపించింది. కుళ్ళుతో వంకరపోయిన మొహం. రేకులో సొట్టేమోనని తడిమాను. సొట్ట రేకుది కాదు, మొహం నాది.

లోపలికొచ్చి మంచం మీద కూలబడ్డాను.

"ఏమైందండీ?"

"చూశాను. ఒప్పుకోక తప్పదు. ఆ చెయ్యి ఉందే, అది బంగారం."

మా ఆవిడ చేస్తున్న పని ఆపేసింది. "మళ్ళీ అనండి."

"బంగారం అంటున్నాను!"

"ఇంకొక్కసారి."

"ఎందుకు?"

"ఏం లేదు, వినడానికి బాగుంది. నా చేతిని ఎప్పుడైనా అలా అన్నారా?"

"నీ చేతికీ సొట్టలకీ ఏం సంబంధం? నా ఏడుపు నేనేడుస్తుంటే! ఆ మెరుపు ఎక్కడిది? ఏం రాస్తున్నాడో కనుక్కున్నావా?"

"పళ్ళ డాక్టరు ఏం రాస్తాడండీ? పళ్ళకు రాసేదే రాస్తాడు," అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

నేను నవ్వలేదు. నా బుర్ర మళ్ళీ మెరిసింది. టూత్‌పేస్టు! పళ్ళను తళతళలాడించేది రేకును తళతళలాడించదా? పరుగున వెళ్ళి కొట్టులో ఉన్న ట్యూబులన్నీ సంచీలో వేయించాను.

"ఇంట్లో ఎంతమందండీ?" అన్నాడు కొట్టతను బిత్తరపోయి.

"ఒక్కడే. కానీ పెద్దోడు," అన్నాను.

తీర్పుకు ముందు రోజు ఆఖరి రంగు వేసి, అది ఆరీ ఆరకముందే డ్రైవరు పక్కంతా పేస్టు పట్టించాను. తుడిచేస్తే గుణం పోతుందని, బాగా పీల్చుకోవాలని అలాగే వదిలేశాను.

తెల్లవారి తలుపు తీసేసరికి, లారీకి సగం పక్క కదులుతోంది. చీమలు. హెడ్‌లైటు నుంచి వెనక చక్రం దాకా చీమలు. మా ఇంటి చీమలైతే నేను గుర్తుపడతాను. ఊళ్ళో ఉన్న చీమలన్నీ బంధువుల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చాయి.

గొట్టం పెట్టి నీళ్ళు కొట్టాను. చీమలు పోలేదు, నురగ వచ్చింది. ఎంత కొడితే అంత నురగ. అది గేటు దాటి వీధిలోకి పారింది. పాల సైకిలతను జారి, బండితో సహా ఎదురింటి మెట్ల మీద ఆగాడు. నురగతో పాటు నా ఆకుపచ్చ రంగు కూడా చారలు చారలుగా వీధిలోకి నడిచిపోయింది.

మా ఆవిడ బయటికొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో రాత! ఎగతాళికన్నానండీ! నిజంగానే రాశారా?"

"గూఢచారి ఎగతాళి చేస్తుందా?"

"పెళ్ళాన్ని గూఢచారిగా పెట్టుకుంటే చేస్తుంది. ముందు ఆ గొట్టం ఆపండి!"

ఆపేలోపే మామగారు వచ్చేశారు. వెనకే తోడల్లుడు, మరదలు. మామగారు డ్రైవరు పక్కకొచ్చి గాలి పీల్చారు.

"అల్లుడూ, పెద్దోడికి పళ్ళు తోమావా?"

ఆయన కళ్ళు మూసుకుని రేకు మీద అరచెయ్యి ఆనించి నడిపించారు. ఆయన రేకును కంటితో నమ్మరు, చేత్తోనే చూస్తారు. ఆ చెయ్యి ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. "కొండదారిలో పోతున్నట్టుంది," అన్నారు. తర్వాత తలుపు తీసి, లారీ తలుపు వేయాల్సినట్టే ధన్‌మని వేశారు. నేను నింపిన లప్పం మొత్తం ఒకే పలకగా ఊడి నా కాలి మీద పడింది. కింద పాత సొట్ట చెక్కుచెదరకుండా ఉంది.

తర్వాత టార్పాలిన్ దించారు. మామగారి అరచెయ్యి క్లీనరు పక్క మీద ఈ చివర నుంచి ఆ చివరకు జారిపోయింది. ఎక్కడా ఆగలేదు. క్యాబిన్లో దూరి, లోపలి వైపు రేకును కూడా తడిమి చూశారు. దిగేసరికి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"డెంటిస్టుగారూ, ఈ సొట్ట ఎలా తీశారండీ?"

తోడల్లుడు "అదీ... అంటే..." అని నీళ్ళు నమిలాడు.

ఆ "అండీ" నా చెవిలో పడింది. ఇన్నాళ్ళ కుళ్ళూ ఒక్కసారిగా గొంతులోకొచ్చింది. ఓడిపోతే పోయాను, ఈయన మాత్రం గెలవకూడదు.

"మామగారూ! ఆయన సొట్టలు తీసే మనిషే కాదు! డెంటిస్టంటే పళ్ళ డాక్టరు! ఆయన తీసేది పళ్ళు!"

మరదలు నన్ను కాల్చేసేలా చూసింది. మామగారు మెల్లగా చిన్నల్లుడి వైపు తిరిగారు.

"పళ్ళా?"

"పళ్ళేనండీ," అన్నాడాయన తలదించుకుని.

"మరి ఆ వాలే కుర్చీ?"

"పళ్ళకేనండీ."

నా గుండె పొంగింది. ఇక ఈ ఇంట్లో ఆయనకు కుర్చీ కూడా వేయరనుకున్నాను. మామగారు వెళ్ళి ఫుట్‌బోర్డు మీద కూర్చుని, నోరు బార్లా తెరిచారు.

"ఇదుగో, ఈ వెనక పన్ను చూడు నాయనా! ఎన్నాళ్ళనుంచో ఒక పక్కే నములుతున్నాను. డాక్టరు దగ్గరికెళితే భయమని ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోనే డాక్టర్ని పెట్టుకుని! ఎంత అదృష్టవంతుణ్ణి!"

తోడల్లుడు అక్కడికక్కడే టార్చి వేసి చూశాడు. మామగారు ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. "డెంటిస్టుగారూ" పోయి "నాయనా" వచ్చింది. కిందికి లాగుదామనుకున్న మనిషిని నేనే ఇంకో మెట్టు ఎక్కించాను.

"మరి ఆ పక్క ఎవరు చేసినట్టు?" అన్నాను ఏడవలేక.

"ఇంకెవరు? లోపల్నుంచి కొట్టిన దెబ్బలు వరసగా ఉన్నాయి, చూడు. ఆ దెబ్బ నేను ఒక్కదానికే నేర్పాను," అన్నారు మామగారు.

అందరూ మా ఆవిడ వైపు చూశారు. మా ఆవిడ గోళ్ళు చూసుకుంది.

"నువ్వా?"

"చెల్లి మొగుడి పరువు పోతుందని చెల్లి ఏడిచిందండీ. పైగా నన్ను అవతలికి పొమ్మన్నది మీరేగా?"

"తర్వాత గూఢచారిగా పంపాను కదా!"

"గూఢచారి ఊరికే కూర్చుంటే అనుమానం వస్తుంది. అందుకని పని చేశాను."

"చెప్పొచ్చుగా నాకు?"

"మొదటి రోజే చెప్పాను. లోపల్నుంచి కొట్టాలని. మీరు విన్నారా?"

అప్పుడు పుట్టిన మంట ముందు, అంతకుముందున్న కుళ్ళంతా చల్లటి మజ్జిగ. ఇన్నాళ్ళూ నేను కుళ్ళుకున్న చెయ్యి నా ఇంట్లోదే. నా కంచంలో అన్నం పెట్టే చెయ్యే. దాన్ని నేనే తోసేస్తే, వెళ్ళి నా తోడల్లుడి పక్క నిలబెట్టింది. ఆయన మీద నాకు అప్పుడు పుట్టినంత అసూయ ఎప్పుడూ పుట్టలేదు.

ఊరేగింపు టైముకి మామగారి దవడకు ఇంజెక్షను పడింది, సగం మొహం తిమ్మిరెక్కింది. "నువ్వే తోలమ్మా," అని తాళాలు మా ఆవిడ చేతిలో పెట్టారు. స్టీరింగు ముందు మా ఆవిడ కూర్చుంది. పక్క సీటులో మామగారు. ఆ పన్ను కనిపెట్టుకుని ఉండాలని, ఆయన పక్కనే ఇరుక్కుని డాక్టరుగారు. వెనక మరదలు నిలబడి రాణిలా చెయ్యి ఊపుతోంది.

"మామగారూ, నేనెక్కడ?" అన్నాను.

ఆయన ఊడిపోయిన లప్పం దగ్గర, తలుపు మీది సొట్టను చూపించారు. "అల్లుడూ, జనం చూస్తే బాగుండదు. నువ్వు ఫుట్‌బోర్డు ఎక్కి, దానికి అడ్డంగా అంటుకుని నిలబడు. ఆ సొట్టకి నువ్వే వప్పం," అన్నారు. తిమ్మిరి వల్ల ఆ ఆఖరి మాటలో "ల" పలకలేదు కానీ, అర్థం అందరికీ తెలిసింది.

అలా ఊరంతా తిరిగాను, తలుపుకు బల్లిలా అతుక్కుని. రోడ్డుకి రెండు వైపులా జనం చప్పట్లు కొట్టారు. పెద్దోడి ముక్కు చూసి కొట్టారు, క్లీనరు పక్క మెరుపు చూసి కొట్టారు, అంత లారీని అలవోకగా తిప్పుతున్న మా ఆవిడను చూసి ఈలలు వేశారు. నా పక్కనున్న జనం మాత్రం ముక్కులు ఎగబీల్చి "ఎక్కడిదీ పేస్టు వాసన?" అని వెతుక్కున్నారు. మా ఆవిడ స్టీరింగు మీద తట్టి "శభాష్ అన్నయ్యా" అంది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి నన్ను ఒక్కసారి శభాష్ అన్న పాపాన పోలేదు. ఒట్టు, ఆ క్షణంలో నాకు లారీ మీద కూడా కళ్ళు కుట్టాయి.

సంత మూల మలుపులో నా కాలు జారింది. రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే, మా ఆవిడ కిటికీలోంచి ఎర్రరంగు గోళ్ళ చెయ్యి చాపి నా కాలరు గట్టిగా పట్టుకుంది. మలుపు తిరిగేదాకా వదల్లేదు.

"సరిగ్గా పట్టుకోండి," అంది. "పడ్డారంటే ఆ సొట్టలు కూడా తీయాల్సింది నేనే."